చెయ్యి వంపు తెలిసిన దర్జీ.. సారా బూన్

రెజ్యూమెలో నైపుణ్యాలు అనే గడి దగ్గరికి వచ్చేసరికి మనలో చాలామంది ఏం చేస్తారు? పక్కవాళ్ల రెజ్యూమె తెరిచి చూస్తారు. జావా, పైథాన్, ఎంఎస్ ఆఫీస్, టీమ్ వర్క్.. అవే నాలుగు ముక్కలు దింపేస్తారు. నందివెలుగులో బస్సెక్కి తెనాలికో గుంటూరుకో కాలేజీకి వెళ్లేవాళ్లు, రేపల్లె రైల్లో వచ్చిపోయేవాళ్లు, బాపట్ల హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు.. మీలో ఎంతమంది ఇళ్లలో కుట్టుమిషన్ ఉందో ఒకసారి ఆలోచించండి. పెళ్లిళ్ల సీజన్‌లో అమ్మకు తోడుగా అర్ధరాత్రి దాకా కూర్చుని హెమ్మింగ్ చేసి, హుక్కులు కుట్టి, జాకెట్లు ఇస్త్రీ చేసి మడతపెట్టినవాళ్లు మీలో తప్పకుండా ఉంటారు. ఆ పని మాత్రం రెజ్యూమెలో ఎక్కడా కనిపించదు. అది నైపుణ్యం కాదు, ఇంటిపని అని మనమే తీర్మానించేసుకుంటాం.

సరిగ్గా ఆ పనిలోనే, అందులోనూ ఎవరూ లెక్కలోకి తీసుకోని ఇస్త్రీ దగ్గర, ఒక లోపాన్ని పట్టుకుని సరిచేసిన దర్జీ ఒకామె ఉంది. దాన్ని కాగితం మీద పెట్టి, తన పేరుతో ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కించింది కూడా. పేరు సారా బూన్. మన దేశం కాదు, మన కాలమూ కాదు. అమెరికాలో బానిసగా పుట్టిన మనిషి. కానీ ఆమెను ఇబ్బంది పెట్టిన సమస్య మీకు కొత్తది కాదు. కుట్టిన చేతిని ముడత పడకుండా, గీత పడకుండా ఇస్త్రీ చేయడం ఎలా? తెనాలిలో ఏ టైలరింగ్ షాపులో అడిగినా ఈ తంటా గురించి చెబుతారు.

అక్షరం నేరమైన చోట

సారా 1832లో నార్త్ కరోలినా రాష్ట్రంలోని క్రేవెన్ కౌంటీలో పుట్టింది. పుట్టింటి పేరు మార్షల్. తల్లి బానిస అయితే బిడ్డ కూడా బానిసే, అప్పటి చట్టం అది. ఆమె పుట్టడానికి రెండేళ్ల ముందు, 1830లో, ఆ రాష్ట్రం ఇంకో చట్టం కూడా చేసింది. బానిసలకు చదవడం, రాయడం నేర్పకూడదు. నేర్పిన తెల్లవాళ్లకు జరిమానా లేదా జైలు. నల్లవాళ్లు నేర్పితే కొరడా దెబ్బలు. చదువొస్తే తిరగబడతారన్న భయమే దీనికి కారణం. ఇందులో ఒక్క మినహాయింపు మాత్రం ఉంది. అంకెలు నేర్పొచ్చు. పని జరగాలంటే లెక్క కావాలి కదా మరి!

అంటే కొలతలు రావచ్చు గానీ, ఆ కొలతల గురించి నాలుగు వాక్యాలు రాయడం రాకూడదు. సారా బాల్యమంతా ఈ చట్టం కిందే గడిచింది. ఈ విషయం గుర్తుంచుకోండి, తర్వాత మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

1847లో, పదిహేనేళ్ల వయసులో, జేమ్స్ బూన్‌తో ఆమె పెళ్లయింది. జేమ్స్ బానిస కాదు, స్వతంత్రుడు. తాపీమేస్త్రి. వాళ్లకు మొత్తం ఎనిమిది మంది పిల్లలు. అంతర్యుద్ధం మొదలుకాకముందే, 1850ల్లో, ఆ కుటుంబం ఉత్తరాన కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్ నగరానికి తరలిపోయింది. కనెక్టికట్‌లో 1848 నాటికే బానిసత్వాన్ని చట్టప్రకారం పూర్తిగా రద్దు చేశారు.

ఊరు మారడం ఎంత పెద్ద మలుపో చెప్పడానికి ఒక్క విషయం చాలు. 1858లో అమెరికా అటార్నీ జనరల్ ఒక అభిప్రాయం ఇచ్చాడు. బానిస ఏదైనా కొత్తది కనిపెడితే దానికి పేటెంట్ ఇవ్వడం కుదరదు. బానిస పేరు మీదా కుదరదు, యజమాని పేరు మీదా కుదరదు. ఆ పద్ధతి ప్రకారం, సంకెళ్లలో ఉన్న మనిషి బుర్రలో ఎంత గొప్ప ఆలోచన పుట్టినా అది రికార్డుకు ఎక్కదు. 1865లో దేశమంతటా బానిసత్వం రద్దయ్యేదాకా పరిస్థితి ఇదే.

మిషన్ వచ్చింది, ఇస్త్రీ మిగిలింది

న్యూహేవెన్‌లో జేమ్స్ తాపీ పని చేస్తే, సారా ఆడవాళ్ల దుస్తులు కుట్టే పని చేసింది. ఇద్దరి సంపాదనతో వింటర్ స్ట్రీట్‌లో సొంత ఇల్లు కొనుక్కున్నారు. బానిసగా పుట్టిన మనిషి సొంతింటి యజమానురాలు కావడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. 1870ల్లో భర్త చనిపోయాడు. సారా మాత్రం కుట్టుపని వదల్లేదు.

ఆ కాలంలో కుట్టుపని ఎలా మారుతోందో కాస్త చూడాలి. ఎలియాస్ హోవ్ కుట్టుమిషన్‌కు పేటెంట్ తీసుకున్నది 1846లో. ఐజాక్ సింగర్‌కు పేటెంట్ వచ్చింది 1851లో. చేత్తో గంటలు పట్టే కుట్టు మిషన్ మీద నిమిషాల్లో అయిపోవడం మొదలైంది. మరి దర్జీ పని మొత్తం అంతే వేగంగా అయిపోయిందా? లేదు. ఇంజినీరింగ్ చదివేవాళ్లకు ఇది తెలిసిన సూత్రమే. ఒక లైన్‌లో ఒక దశను వేగం చేస్తే, ఆలస్యం పక్క దశకు జరుగుతుంది. అక్కడ ఆ పక్క దశ ఇస్త్రీ.

పైగా అప్పటి ఆడవాళ్ల దుస్తులు మామూలుగా ఉండేవి కావు. ఒంటికి అతుక్కున్నట్టు, నడుము దగ్గర బిగుతుగా, లోపల కార్సెట్ మీద సరిగ్గా కూర్చోవాలి. న్యూహేవెన్‌లో కార్సెట్లు తయారుచేసే ఫ్యాక్టరీలే ఉండేవి. ఇప్పుడు మన దగ్గర ప్రిన్సెస్ కట్ జాకెట్ కుట్టేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ముక్కలు ఎక్కువ, కుట్లు ఎక్కువ, ప్రతి కుట్టూ వంపే. చేతులు కూడా అంతే. ఒకే ముక్కను గొట్టంలా చుట్టి కుట్టేయడం కాదు. రెండు ముక్కలు కలిపి, మోచేయి వంగే తీరుకు తగ్గట్టు వంపు తిప్పి కుట్టాలి. అంటే చేతికి లోపలివైపు ఒక వంపు కుట్టు, బయటివైపు ఇంకో వంపు కుట్టు.

కుట్టు ఎంత బాగా పడినా, ఇస్త్రీ సరిగా పడకపోతే ఆ వంపు కనపడదు. ముడత కనపడుతుంది. డబ్బిచ్చేవాళ్లు చూసేది దాన్నే.

రుద్దడం వేరు, అదమడం వేరు

సారా ఏం కనిపెట్టిందో అర్థం కావాలంటే, దర్జీ చేసే ఇస్త్రీకీ మనం ఉదయం కాలేజీకి వెళ్లేముందు హడావుడిగా చేసే ఇస్త్రీకీ తేడా తెలియాలి. మనం రెండింటినీ ఇస్త్రీ అనే అంటాం. నిజానికి అవి రెండు వేర్వేరు పనులు.

తయారైన చొక్కా మీద ఇస్త్రీపెట్టెను అటూ ఇటూ జరుపుతాం. అది రుద్దడం. కుట్టేటప్పుడు మధ్యమధ్యలో చేసేది అదమడం. పెట్టెను దించాలి, ఒకటి రెండు సెకన్లు ఉంచాలి, ఎత్తాలి, పక్కన మళ్లీ దించాలి. జరపకూడదు. ఎందుకంటే సగం కుట్టిన గుడ్డకు ఇంకా ఒక నిలకడ ఉండదు. ముఖ్యంగా ఏటవాలుగా కత్తిరించిన క్రాస్ పీసు మీద పెట్టెను రుద్దితే అది సాగిపోతుంది. మెడ దగ్గర అలా సాగితే, తర్వాత ఎంత బాగా కుట్టినా మెడ వదులుగా లేచి నిలబడుతుంది. చాలామంది కొలత తప్పిందనుకుంటారు. నిజానికి తప్పింది ఇస్త్రీ.

దీని వెనక ఉన్న సైన్సు చిన్నదే. నూలు గుడ్డలో ఉండేది సెల్యులోజ్. దాని అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు ఉంటాయి. తడి, వేడి తగిలితే ఆ బంధాలు వదులవుతాయి. చల్లారి ఆరినప్పుడు, ఆ క్షణంలో గుడ్డ ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే మళ్లీ బిగుసుకుంటాయి. అంటే ఆకారం నిలబడేది పెట్టె కింద ఉన్నప్పుడు కాదు, పెట్టె తీశాక చల్లారేటప్పుడు. అందుకే అదిమిన వెంటనే గుడ్డను లాగి పక్కన పడేస్తే చేసిన పని సగం వృథా. పాలిస్టర్ సంగతి వేరు. దాదాపు 70, 80 డిగ్రీల దగ్గరే అది మెత్తబడుతుంది, 260 డిగ్రీల దరిదాపుల్లో కరిగిపోతుంది. ఎక్కువ వేడి పెడితే గుడ్డ మీద నూనె పూసినట్టు మెరుపు వస్తుంది. ఆ మెరుపు ఇక పోదు.

బట్టల లేబుల్ మీద ఇస్త్రీపెట్టె బొమ్మలో చుక్కలు ఎప్పుడైనా చూశారా? ఒక చుక్క ఉంటే తక్కువ వేడి, రెండుంటే మధ్యస్థంగా, మూడుంటే ఎక్కువ వేడి. నైలాన్, అక్రిలిక్‌లకు ఒక చుక్క. పట్టు, ఉన్ని, పాలిస్టర్‌లకు రెండు. నూలుకు మూడు. జరీ అంచు ఉంటే పెట్టెను నేరుగా తగలనివ్వకుండా మధ్యలో పల్చని నూలు గుడ్డ వేయాలి. ఏది ఏమైనా, ముందు ఒక మిగులు ముక్క మీద పరీక్షించి చూడటం మంచిది.

ఇక వరస. కుట్టు వేయగానే, దాన్ని విప్పకుండా అలాగే ఒకసారి అదమాలి. దారం గుడ్డలోకి దిగి కూర్చుంటుంది. తర్వాత లోపలివైపు వదిలిన గుడ్డను చెరోవైపుకు విప్పి అదమాలి. చివరగా పైకి తిప్పి, మధ్యలో గుడ్డ వేసి ఇంకోసారి. ఒక కుట్టును దాటుకుంటూ ఇంకో కుట్టు వేయాల్సి వస్తే, ముందు మొదటిదాన్ని అదమాలి. ఎందుకంటే రెండోది పడ్డాక మొదటిదాని లోపలికి పెట్టె కొన పోదు. అంతా కుట్టేశాక ఆఖర్లో ఒకేసారి చేద్దాంలే అనుకునేవాళ్ల పని ఇక్కడే దెబ్బతింటుంది. కోడ్ మొత్తం రాసేశాక ఆఖరి రోజు ఒకేసారి టెస్ట్ చేసినట్టు.

చెయ్యి దగ్గర వచ్చిన చిక్కు

ఇప్పుడు సారా ఇంట్లోకి వెళదాం. అప్పట్లో చాలా ఇళ్లలో ఇస్త్రీ బల్ల అంటే రెండు కుర్చీల మీద పరిచిన చెక్క, లేదంటే అన్నం తినే బల్లే. పెట్టె అంటే పొయ్యి మీద కాల్చి తీసే బరువైన ఇనుప ముద్ద. ఒకటి చల్లారేలోపు ఇంకోటి పొయ్యి మీద వేడెక్కుతుండాలి.

చిన్న ప్రయోగం చేయండి. ఒక చొక్కా చేతిని వెడల్పాటి బల్ల మీద పడుకోబెట్టి ఇస్త్రీ చేయండి. చెయ్యి గొట్టం కదా, రెండు పొరలూ ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. పై పొర నున్నగా వస్తుంది, కింద పొర ముడత పడుతుంది. ఆ పక్కా ఈ పక్కా రెండు అంచుల్లో కత్తి పెట్టి గీసినట్టు గీత పడుతుంది. పోనీ సన్నటి చెక్క తీసుకుని చేతిలోకి దూర్చారనుకోండి. చెక్క తిన్నగా ఉంటుంది, కుట్టు వంపుగా ఉంటుంది. తిన్నని చెక్క మీద వంపు కుట్టును లాగి పరిస్తే, ఒకచోట సాగుతుంది, ఇంకోచోట పోగవుతుంది.

తప్పు ఇస్త్రీపెట్టెలో లేదు, చేసే మనిషిలోనూ లేదు, కింద ఉన్న బల్లలో ఉంది. సారా పట్టుకున్నది ఈ ఒక్క విషయాన్నే. ఆ కాలంలో ఇస్త్రీని బాగుచేద్దామని చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. మేరీ పాట్స్ అనే ఆమె 1871లో ఊడదీసి తగిలించుకునే పిడికి పేటెంట్ తీసుకుంది, చెయ్యి కాలకుండా. 1882లో హెన్రీ సీలీ అనే ఆయన కరెంటు ఇస్త్రీపెట్టెకు పేటెంట్ తీసుకున్నాడు. వాళ్లు పెట్టె గురించి ఆలోచించారు. సారా పెట్టె కిందికి చూసింది. రోజూ చేతులు కుట్టి, రోజూ అదే చోట ఇబ్బందిపడిన మనిషికి ఆ చూపు వచ్చింది.

నలభై దాటాక చదువు

లోపం తెలిసింది, పరిష్కారమూ తట్టింది. మామూలుగా అయితే కథ ఇక్కడే ఆగిపోవాలి. తన ఇంట్లో తనకు కావలసినట్టు ఒక చెక్క చెక్కించుకుని వాడుకునేది. పక్కింటివాళ్లు చూసి వాళ్లూ చేయించుకునేవాళ్లు. పదేళ్లు పోయాక అది ఎవరి ఆలోచనో ఎవరికీ తెలిసేది కాదు. మన ఊళ్లలో వడ్రంగులు, కమ్మరులు, దర్జీలు చేసుకున్న ఎన్నో మార్పులు ఇలా పేరు లేకుండానే కలిసిపోయాయి.

సారా విషయంలో అలా జరగకపోవడానికి కారణం ఉంది. నలభై ఏళ్లు దాటి యాభైకి దగ్గరవుతుండగా ఆమె చదవడం, రాయడం నేర్చుకుంది. ఆమె న్యూహేవెన్‌లోని డిక్స్‌వెల్ అవెన్యూ కాంగ్రిగేషనల్ చర్చి సభ్యురాలు. నల్లజాతివాళ్లు నడుపుకున్న చర్చి అది. చిన్నప్పుడు ఏ అక్షరాన్ని చట్టం ఆమెకు అందకుండా చేసిందో, ఎనిమిది మంది పిల్లల్ని కన్నాక ఆ అక్షరాన్ని ఆమె తెచ్చుకుంది.

అది ఎంత తేడా తెచ్చిందో చెప్పడానికి ఒక పోలిక చెబుతాను. 1884లో జూడీ రీడ్ అనే నల్లజాతి మహిళకు పిండి పిసికే యంత్రం మీద పేటెంట్ వచ్చింది. ఆ కాగితం మీద ఆమె సంతకం చోట ఉన్నది ఒక ఇంటూ గుర్తు. మన దగ్గర వేలిముద్ర వేసినట్టు. ఆమె తెలివి ఏమాత్రం తక్కువ కాదు. కానీ తన యంత్రం గురించి ఏం రాశారో తను చదువుకోలేని స్థితి ఎంత కష్టమో ఊహించండి. పేటెంట్ కాగితం అంటే అలాంటిలాంటిది కాదు. వస్తువు ఏమిటి, ఏ భాగం ఎక్కడుంటుంది, పాతదానికీ దీనికీ తేడా ఏమిటి, నాది అని నేను కోరుతున్నది సరిగ్గా ఎంతవరకు.. అన్నీ మాటల్లో చెప్పాలి. ఒక్క మాట అటూ ఇటూ అయితే హక్కు చేజారుతుంది.

నంబర్ 473653

1891 జులై 23న సారా బూన్ దరఖాస్తు పెట్టింది. 1892 ఏప్రిల్ 26న పేటెంట్ వచ్చింది. నంబర్ 473653. అప్పటికి ఆమెకు అరవై ఏళ్లు.

ఆ బల్లలో ఏముంది? బల్ల సన్నగా ఉంటుంది, చేతిలోకి దూరేటంత. అంచులు తిన్నగా ఉండవు, చేతి లోపలి కుట్టుకు, బయటి కుట్టుకు సరిపోయేలా వంపు తిరిగి ఉంటాయి. కుడిచెయ్యి అయ్యాక బల్లను తిరగేస్తే ఎడమచేతికి పనికొస్తుంది, రెండు బల్లలు అక్కర్లేదు. మీద మెత్త వేసి ఉంటుంది కాబట్టి చెక్క గీతలు గుడ్డ మీద పడవు. పని అయిపోయాక కాళ్లు మడిచి పక్కన పెట్టుకోవచ్చు. ఖర్చు తక్కువ కావాలి, తేలిగ్గా ఉండాలి, ఆడవాళ్ల దుస్తుల చేతులకూ పైభాగానికీ బాగా పనికిరావాలి.. తన ఉద్దేశం ఇదేనని ఆమె ఆ కాగితంలోనే స్పష్టంగా పెట్టింది.

గమనించండి, ఇందులో కొత్త పదార్థం ఏమీ లేదు. చెక్క, గుడ్డ, మడతబందు. ఉన్నదల్లా వంపు. ఆ వంపు ఎంత ఉండాలో తెలిసింది మాత్రం వందల చేతులు కుట్టిన మనిషికే.

సోషల్ మీడియాలో సారా బూన్ గురించి పోస్టులు తిరుగుతుంటాయి. ఇస్త్రీ బల్లను మొట్టమొదట కనిపెట్టింది ఆమేనని, పేటెంట్ పొందిన తొలి నల్లజాతి మహిళ ఆమేనని. రెండూ నిజం కాదు. అమెరికాలో ఇస్త్రీ బల్లల మీద పేటెంట్లు 1858 నుంచే ఉన్నాయి. జూడీ రీడ్ 1884లో, మడిచి బీరువాలా పెట్టుకునే మంచానికి సారా గూడ్ 1885లో పేటెంట్ తీసుకున్నారు. ఆమెకన్నా ముందు ఉన్నవాళ్లు వీళ్లు. సారా బూన్ పేటెంట్ కాగితమే తనది ఇస్త్రీ బల్లల్లో ఒక మెరుగుదల అని చెబుతుంది. నాకైతే ఇదే ఎక్కువ నచ్చే విషయం. ప్రపంచంలో లేనిదాన్ని తేవాల్సిన పనిలేదు. ఉన్నదాంట్లో ఎక్కడ నొప్పి పుడుతోందో కచ్చితంగా చెప్పగలిగితే చాలు.

1904లో న్యూహేవెన్‌లోనే ఆమె చనిపోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం పేటెంట్ గడువు, ఇచ్చిన రోజు నుంచి 17 ఏళ్లు. అంటే ఆమె పోయేనాటికి కూడా ఆ హక్కు గడువు ఇంకా ముగియలేదు. అక్కడి ఎవర్‌గ్రీన్ శ్మశానంలో ఆమె సమాధి ఉంది.

ఇక మీ సంగతి

మొదట రెజ్యూమె. టైలరింగ్ వచ్చు అని ఒక్క మాట రాస్తే ఎవరూ ఆగి చదవరు. ఏం చేశారో రాయండి. ఎన్నేళ్లుగా కుడుతున్నారు, సీజన్‌లో వారానికి ఎన్ని జాకెట్లు, కొలతలు తీసుకోవడం ఎవరు, కస్టమర్ తిరిగి తెచ్చిన వాటిని ఎలా సరిచేశారు, గడువు ఎలా నిలబెట్టుకున్నారు. మెకానికల్ విద్యార్థి అయినా, కామర్స్ విద్యార్థి అయినా ఇంటర్వ్యూలో ఒక సమస్య పరిష్కరించిన సందర్భం చెప్పమంటారు. అప్పుడు నెట్‌లో దొరికే కథ కాకుండా, చెయ్యి ఇస్త్రీలో గీత పడకుండా మీరేం చేశారో చెప్పండి. అది మీరు చేసిన పని కాబట్టి ఎన్ని ప్రశ్నలు వేసినా తడబడరు.

ఉద్యోగాల సంగతి. గార్మెంట్ ఫ్యాక్టరీల్లో ఇస్త్రీ ఒక ప్రత్యేక విభాగం. కుట్టే లైన్ మధ్యలో జరిగే ప్రెస్సింగ్ వేరు, ప్యాకింగ్‌కు ముందు జరిగే ఆఖరి ప్రెస్సింగ్ వేరు. అక్కడి బల్లలు కింద నుంచి గాలి పీలుస్తాయి, ఆవిరి పట్టిన గుడ్డ వెంటనే చల్లారి ఆకారం నిలబడటానికి. పైన చెప్పిన హైడ్రోజన్ బంధాల సంగతే అది. కాలర్లకు, కఫ్‌లకు వాటి ఆకారంలోనే ఉన్న అచ్చుల మీద ప్రెస్ చేసే యంత్రాలుంటాయి. గుడ్డ ఆకారానికి తగ్గట్టు కింది బల్ల ఉండాలన్న సారా బూన్ ఆలోచనే ఇక్కడా పనిచేస్తోంది. నైపుణ్య శిక్షణ కోర్సుల్లో ప్రెస్‌మ్యాన్ అనేది గుర్తింపు ఉన్న ఉద్యోగ విభాగం. మన రాష్ట్రంలో అచ్యుతాపురం దగ్గర బ్రాండిక్స్ అపారెల్ సిటీ ఉంది. డిజైన్, ఫ్యాషన్ టెక్నాలజీ వైపు పోవాలనుకునేవాళ్లకు 1995 నుంచి హైదరాబాద్‌లో నిఫ్ట్ ఉంది. ఇంజినీర్లు ఈ రంగంలో ప్రాసెస్, క్వాలిటీ, మెషిన్ మెయింటెనెన్స్ వైపు చూడొచ్చు.

ఇంట్లోనే షాపు పెట్టుకున్న అమ్మకో, పిన్నికో చెప్పాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వాటిలో దర్జీలూ ఉన్నారు, బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే రజకులూ ఉన్నారు. పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా సాయం, మొదట లక్ష, తర్వాత 2 లక్షల దాకా 5 శాతం వడ్డీకి రుణం ఇస్తారు. అర్హతలు చదివి ఆ దరఖాస్తు నింపి పెట్టడం మీరు చేయగలిగిన పని. చదువుకున్న మనిషి ఇంట్లో ఉన్నందుకు ఆపాటి ఉపయోగం ఉండాలి కదా!

పేటెంట్ల గురించి కూడా భయం వద్దు. మన దేశంలో పేటెంట్ గడువు దరఖాస్తు చేసిన రోజు నుంచి 20 ఏళ్లు. ఉన్న వస్తువును మెరుగుపరిచినా ఇస్తారు. కాకపోతే ఆ మెరుగుదల కొత్తది కావాలి, ఆ పని తెలిసినవాళ్లందరికీ ఇట్టే తట్టేది కాకూడదు, ఉత్పత్తికి పనికిరావాలి. వ్యక్తులకు ఆన్‌లైన్ దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలతో మొదలవుతుంది. తర్వాతి దశల్లో పరీక్షకు విడిగా ఫీజు ఉంటుంది. ముందు తాత్కాలిక వివరణతో దరఖాస్తు పెట్టి, 12 నెలల్లోపు పూర్తి వివరణ ఇవ్వొచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం ముఖ్యం. దరఖాస్తు పెట్టకముందే రీల్ చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేయకండి. లోకానికి ముందే చెప్పేసినదాన్ని కొత్తది అనిపించుకోవడం కష్టం.

ఇవేవీ వద్దు, కుట్టుపనిలో ఇస్త్రీ ఒక్కటే బాగుపడితే చాలంటారా? పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టొచ్చు. పాత టవల్‌ను గట్టిగా చుట్టి, పైన నూలు గుడ్డ బిగించి కుట్టండి. చేతిలోకి దూరేటంత సన్నగా ఉంటే చేతులకు, కాస్త లావుగా గుండ్రంగా ఉంటే డాట్లకూ ప్రిన్సెస్ కట్‌కూ పనికొస్తుంది. దాని మీద కుట్టు పెట్టి అదిమితే పెట్టె కుట్టు మీద మాత్రమే పడుతుంది, పక్కన గీత పడదు. మంగళగిరి నూలు ముక్క మీద ఒకసారి, పాలిస్టర్ లైనింగ్ ముక్క మీద ఒకసారి వేడి మార్చి చూసి, ఏది ఎలా వచ్చిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. తేదీ కూడా వేయండి.

గూగుల్ పేటెంట్స్‌లో యూఎస్ 473653 అని కొట్టండి. సారా బూన్ బల్ల బొమ్మ ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ వంపును ఒకసారి చూసి, మీ ఇంట్లో మిషన్ దగ్గర కూర్చున్న మనిషిని అడగండి, ఈ పనిలో మిమ్మల్ని అన్నిటికన్నా విసిగించేది ఏదని. జవాబు వెంటనే వస్తుంది, అది కూడా వివరంగా వస్తుంది. దాన్ని కాగితం మీద పెట్టడం మీ వంతు.